అడ్రస్‌లు వేరు, పిన్‌లన్నీ ఒకేచోట: తప్పు ఫారంలోనా, మ్యాప్‌లోనా?

కొత్తపటం | సోమవారం, మధ్యాహ్నం 12:10

అందరికీ నమస్కారం. ఇళ్లకు వెళ్లి మెషీన్లు రిపేర్ చేసే ఒక సంస్థ కోసం సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. కస్టమర్ అడ్రస్ ఎంట్రీ చేయగానే మ్యాప్ మీద పిన్ పడాలి. ఆ పిన్‌లను బట్టి టెక్నీషియన్‌కి ఆ రోజు రూట్ తయారవ్వాలి. పోయిన వారం పాత కస్టమర్లందరినీ ఒకేసారి ఎక్కించాం. ఒక్క ఎర్రర్ రాలేదు. ప్రతి రికార్డులోనూ ల్యాట్, లాంగ్ (అక్షాంశం, రేఖాంశం) నిండాయి. పని అయిపోయిందనుకుని ఇంటికి పోయాం.

ఇవాళ పొద్దున టెక్నీషియన్ ఫోన్. "సార్, ఇవాళ నాకు పద్నాలుగు ఇళ్లు ఇచ్చారు. పద్నాలుగూ ఒకేచోట చూపిస్తోంది. అక్కడికొచ్చి చూస్తే ఇల్లే లేదు, రోడ్డు డివైడర్ ఉంది" అన్నాడు. జూమ్ చేసి చూశాను. నిజమే, పిన్‌లు ఒకదానిమీద ఒకటి పడి పైకి ఒక్కటిగా కనిపిస్తున్నాయి.

మా ఫారంలో అడ్రస్‌కి ఒకటే పెద్ద గడి. దాని కింద ఊరు, పోస్టల్ కోడ్. అంతే. తప్పు మాదా, మ్యాప్ సర్వీసుదా?

పటంపిచ్చి | 12:31

ఆ పద్నాలుగింటిలో నాలుగు రికార్డులు ఎంట్రీ చేసింది చేసినట్టు పెట్టండి. సర్వీసు పంపిన జవాబులో ల్యాట్ లాంగ్ ఒక్కటే దాచుకున్నారా, మిగతాది కూడా ఉందా?

కొత్తపటం | 12:44

ల్యాట్ లాంగ్ తప్ప ఇంకేమీ దాచలేదు. నాలుగు రికార్డులు ఇవి:

"ఫ్లాట్ 302, నీళ్ల ట్యాంకు వెనక, రెండో గేటు, వచ్చేముందు ఫోన్ చేయాలి"
"పై అడ్రసే"
"3-డిసెంబర్, మెయిన్ రోడ్"
"తమ్ముడి ఇల్లు. పాత అడ్రస్‌కి రెండిళ్ల అవతల"

రాత్రిబిల్డ్ | 12:46

"పై అడ్రసే" 😂😂 ఏది అన్నా పై అడ్రస్?

మోడరేటర్ | 12:58

కొత్తపటం గారూ, మీ పోస్టులోంచి ఊరి పేరు, కోడ్, రెండు ఫోన్ నంబర్లు తీసేశాను. కస్టమర్ల వివరాలు ఇక్కడ పెట్టకండి. ఉదాహరణ కావాలంటే మార్చి రాయండి.

కొత్తపటం | 13:02

క్షమించండి, తొందర్లో కాపీ పేస్ట్ చేసేశాను.

పటంపిచ్చి | 13:40

మ్యాప్ సర్వీసు తప్పు కాదండీ. అది చేయాల్సిందే చేసింది.

అడ్రస్‌ని ల్యాట్ లాంగ్‌గా మార్చేదాన్ని జియోకోడర్ అంటాం కదా. చాలా జియోకోడర్లకు "నాకు తెలియదు" అనడం అలవాటు లేదు. ఇచ్చిన వాక్యంలో అర్థమైన ముక్కలు పట్టుకుంటాయి, మిగతావి పక్కన పడేస్తాయి. మీ మొదటి రికార్డులో "నీళ్ల ట్యాంకు వెనక", "రెండో గేటు", "ఫోన్ చేయాలి" దానికి చెత్త. ఊరు, పోస్టల్ కోడ్ మాత్రం అర్థమయ్యాయి. సరే అని ఆ కోడ్ ప్రాంతం మొత్తానికి నట్టనడుమ ఒక చుక్క పెట్టింది. రెండో దానికీ అదే, మూడో దానికీ అదే. ఆ నట్టనడుమ మీ ఖర్మకొద్దీ డివైడర్ ఉంది.

అసలు చిక్కు ఏంటంటే, ఆ చుక్క కూడా ఆరు దశాంశ స్థానాలతో వస్తుంది. ల్యాటిట్యూడ్‌లో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. అయిదో స్థానానికి వచ్చేసరికి మీటరు పైచిలుకు, ఆరో స్థానం అంటే జానెడు కూడా కాదు. చూసేవాడికి ఏమనిపిస్తుంది? అబ్బో, గుమ్మం దాకా పట్టేసిందనిపిస్తుంది. అంకెలు ఎన్ని ఉన్నాయన్నదానికీ, అవి నిజమా కాదా అన్నదానికీ సంబంధం లేదు.

అందుకే మిగతా జవాబు దాచారా అని అడిగాను. గూగుల్ జియోకోడింగ్ ఏపీఐ జవాబులో లొకేషన్ టైప్ అని ఒకటి వస్తుంది. దానికి నాలుగే విలువలు. రూఫ్‌టాప్ వస్తే ఆ ఇల్లే దొరికిందని. రేంజ్ ఇంటర్‌పొలేటెడ్ వస్తే వీధిలో తెలిసిన రెండు చోట్ల మధ్య లెక్కగట్టిందని. అంటే 100 నుంచి 200 దాకా నంబర్లున్న వీధిలో 150 అడిగితే సగం దూరంలో పెట్టేస్తుంది. నిజంగా ఆ ఇల్లు వీధి మొదట్లోనే ఉన్నా దానికి తెలిసే దారి లేదు. జామెట్రిక్ సెంటర్ అంటే ఒక వీధికో, ప్రాంతానికో మధ్య. అప్రాక్సిమేట్ అంటే "ఆ చుట్టుపక్కల ఎక్కడో". ఇవి కాక పార్షియల్ మ్యాచ్ అనే గుర్తు వస్తే, మీరిచ్చినదంతా సరిపోలలేదు, దొరికినంత ఇచ్చానని అర్థం.

మీరు ఇదంతా పారేసి చుక్క ఒక్కటే దాచుకున్నారు. ముందు దాన్ని సరిచేయండి.

క్యూఏ_అక్క | 14:15

మూడో రికార్డు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "3-డిసెంబర్, మెయిన్ రోడ్". తమ్ముడూ, అది డోర్ నంబర్ 3-12. ఎవరో సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ కొట్టారు. ఎక్సెల్‌కి 3-12 కనిపిస్తే తేదీ అనుకుంటుంది. సెట్టింగ్‌ని బట్టి 3 డిసెంబర్ కావచ్చు, మార్చి 12 కావచ్చు. అందుకే వెనక్కి తిప్పడం కూడా అంత తేలిక కాదు.

పోస్టల్ కోడ్ కాలమ్ కూడా ఒకసారి చూసుకో. కోడ్ సున్నాతో మొదలయ్యే ప్రాంతాలు చాలా ఉన్నాయి. బోస్టన్‌లో 02108 అనే కోడ్ ఉంది. దాన్ని నంబర్‌గా దాచుకుంటే 2108 మిగులుతుంది. పోస్టల్ కోడ్‌తో కూడికలు, తీసివేతలు చేసేదేముంది? డేటాబేస్‌లోనూ, ఫైల్‌లోనూ టెక్స్ట్‌గానే ఉంచు. డోర్ నంబర్ కూడా అంతే.

రాత్రిబిల్డ్ | 15:20

సూటిగా చెప్తా. ఒకే గడి తీసేయండి. డోర్ నంబర్, వీధి, ప్రాంతం, ఊరు, రాష్ట్రం, పోస్టల్ కోడ్, దేశం, ఇలా ఏడు గడులు పెట్టి అన్నీ తప్పనిసరి చేయండి. నింపకపోతే సేవ్ బటన్ పని చేయకూడదు. రెండు రోజుల్లో డేటా శుభ్రం.

దేశం ఎందుకు అంటారేమో. లండన్ అనే ఊరు కెనడాలోని ఒంటారియోలో కూడా ఉంది. ప్యారిస్ టెక్సాస్‌లో ఉంది. జార్జియా అంటే ఒక దేశం, అమెరికాలో ఒక రాష్ట్రం. దేశం పంపకపోతే జియోకోడర్ తనకు తోచింది ఎంచుకుంటుంది.

ఎంట్రీడెస్క్ | 16:05

ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని. ఈ మాట చూశాక రాయక తప్పట్లేదు.

రోజుకి నూటయాభై దాకా అడ్రస్‌లు ఎంట్రీ చేస్తాను నేను. ఒక చెవికి ఫోన్, అవతల కస్టమర్, పైన టైమర్ తిరుగుతుంటుంది. మా దగ్గరా ఇలాగే అన్నీ తప్పనిసరి చేశారు ఒక పెద్దమనిషి. కస్టమర్‌కి వీధి పేరు తెలియదు, ఎందుకంటే ఆ వీధికి పేరే లేదు. సేవ్ అవ్వదు. నేనేం చేయాలి? చుక్క పెట్టాను. చుక్క ఒప్పుకోకుండా రెండు అక్షరాలైనా ఉండాలన్నారు. "లేదు" అని కొట్టాను. ఇప్పుడు మా డేటాబేస్‌లో "లేదు" అనే వీధిలో కొన్ని వందల మంది కాపురం ఉంటున్నారు. పోస్టల్ కోడ్ తెలియకపోతే 000000.

"పై అడ్రసే" అని రాసినవాళ్లను చూసి నవ్వారు. వాళ్లకి పాత స్క్రీన్‌లో పైన ఇంకో అడ్రస్ గడి కనిపించి ఉంటుంది, బిల్లింగ్ అడ్రస్‌లాంటిది. స్క్రీన్ మీద అది పైనే ఉంది. ఫైల్‌లోకి ఎగుమతి చేశాక పైన ఏమీ లేదు. అది ఎంట్రీ చేసినవాళ్ల తప్పు కాదండీ.

క్యూఏ_అక్క | 16:11

ఈ పోస్టుకి వంద లైకులు కొట్టాలనుంది. కొత్తపటం, పాత సాఫ్ట్‌వేర్‌లో బిల్లింగ్ అడ్రస్ వేరే టేబుల్‌లో ఉందేమో చూడు.

కొత్తపటం | 16:50

ఉంది! వేరే టేబుల్‌లో మొత్తం ఉంది. "పై అడ్రసే" అన్న 63 రికార్డులకీ అసలు అడ్రస్ దొరికింది. ఎంట్రీడెస్క్ గారూ, దండం పెట్టాలి మీకు.

పటంపిచ్చి | 17:30

రాత్రిబిల్డ్ చెప్పిన విడివిడి గడులు సరైనవే, తప్పనిసరి అన్నదే పెద్ద తలనొప్పి. పోస్టల్ కోడ్‌నే తీసుకోండి. హాంకాంగ్‌లో పోస్టల్ కోడ్‌లే లేవు. ఐర్లండ్‌లో దేశమంతటికీ కోడ్ వచ్చింది 2015లో, అదీ ప్రాంతానికి ఒకటి కాదు, ప్రతి అడ్రస్‌కీ దాని సొంత కోడ్. అక్కడ కోడ్ ఒక్కటి సరిగ్గా ఉంటే చాలు, ఇల్లు దొరికిపోతుంది. జపాన్‌లో చాలా వీధులకు పేర్లే ఉండవు. బ్లాకు నంబరు, ఆ బ్లాకులో భవనం నంబరు రాసుకుంటారు. "వీధి పేరు తప్పనిసరి" అన్న ఫారం అక్కడివాళ్లను అబద్ధం చెప్పమని బలవంతపెట్టినట్టే.

నేను చేసే పద్ధతి వేరు. కస్టమర్ చెప్పిన మాటల్ని అక్షరం మార్చకుండా ఒక కాలమ్‌లో ఉంచుతాను. దాన్ని ఎవరూ ముట్టుకోరు. పక్కన విడదీసిన గడులు. కొండగుర్తు, గేటు, "ఫోన్ చేయండి" లాంటివన్నీ "దారి సూచన" అనే వేరే గడిలోకి. అది జియోకోడర్‌కి వెళ్లదు, టెక్నీషియన్‌కి మాత్రం పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. జియోకోడర్‌కి చెత్త అయినదే మనిషికి బంగారం.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే నామినాటిమ్ అనే జియోకోడర్‌తో ప్రయత్నించి చూడండి, తేడా తెలుస్తుంది. "ట్యాంకు వెనక" లాంటి మాటలు కలిపి పంపితే చాలాసార్లు ఖాళీ జవాబే వస్తుంది. అదే అడ్రస్‌ని వీధి, ఊరు, రాష్ట్రం, దేశం, పోస్టల్ కోడ్‌గా విడదీసి పంపవచ్చు. వీధి అనే గడిలోనే ఇంటి నంబరు కూడా పెట్టాలి. ఫ్లాట్ నంబరు పంపకండి. ఒకే భవనంలో 302కీ 502కీ మ్యాప్ మీద తేడా లేదు. ఒక హెచ్చరిక: వాళ్ల పబ్లిక్ సర్వర్‌కి సెకనుకు ఒక్క రిక్వెస్టే నియమం. మీ మొత్తం ఫైల్‌ని లూప్‌లో పెట్టి దాని మీదకి వదిలారంటే బ్లాక్ చేస్తారు.

రాత్రిబిల్డ్ | 18:02

సరే, తప్పనిసరి మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఏదీ తప్పనిసరి కాదంటే మళ్లీ మొదటికే వస్తాం కదా?

ఎంట్రీడెస్క్ | 18:20

అడ్డుకోకండి, చూపించండి. మాకు తర్వాత వచ్చిన స్క్రీన్‌లో అడ్రస్ నింపుతుంటే పక్కనే చిన్న మ్యాప్ కదులుతుంది. ఊరు వరకే ఇస్తే ఊరంత పెద్ద వృత్తం. వీధి ఇస్తే వృత్తం చిన్నదవుతుంది. ఇంటి నంబరు కలిస్తే పిన్ అవుతుంది. ఎవరూ చెప్పక్కర్లేకుండానే వృత్తం చిన్నదయ్యేదాకా కస్టమర్‌ని ఇంకో ప్రశ్న అడగబుద్ధవుతుంది. పిన్‌ని వేలితో జరిపే వీలు కూడా ఉంది. "ఇక్కడ నీలం గేటు కనిపిస్తోందా అండీ" అని అడిగి నేనే జరుపుతాను. టైమర్ తిడుతుందనుకోండి, అది వేరే సంగతి.

సున్నాసున్నా | 21:14

ఆలస్యంగా వచ్చాను. వృత్తం ఆలోచన చాలా బాగుంది. తెలియని చోట పిన్ పెడితే ఏమవుతుందో ఒక నిజ సంఘటన చెప్తాను.

ఇంటర్నెట్ ఐపీ అడ్రస్‌ని (నెట్‌లో కంప్యూటర్‌ని గుర్తించే నంబరు) బట్టి చోటు చెప్పే ఒక డేటాబేస్ ఉండేది. అమెరికా అని తప్ప ఇంకేమీ తెలియని ఐపీలకు దేశం నడిమధ్య చుక్క ఇచ్చేది. అసలు మధ్య బిందువు అంకెలు పొడుగ్గా ఉన్నాయని కాస్త రౌండ్ చేసి 38 ఉత్తరం, 97 పశ్చిమం అని పెట్టారు. అది కాన్సస్ రాష్ట్రంలో ఒక పొలం. ఏళ్ల తరబడి పోలీసులు, మోసపోయినవాళ్లు, దొంగల్ని వెతికేవాళ్లు అందరూ ఆ ఇంటి తలుపు కొట్టారు. 2016లో విషయం బయటపడేనాటికి 60 కోట్లకు పైగా ఐపీ అడ్రస్‌లు ఆ ఒక్క పాయింట్ మీద ఉన్నాయి. తర్వాత ఆ చుక్కని మనుషులు లేని చోటికి, ఒక చెరువులోకి జరిపారు. ఆ ఇంట్లోవాళ్లు పడిన పాట్లు ఊహించుకోండి. "దేశంలో ఎక్కడో" అన్నదాన్ని "ఈ గుమ్మం" అని చూపించడం ఒక్కటే అక్కడ జరిగిన తప్పు.

నా పేరు ఎందుకు ఇదో తెలుసుగా? సున్నా ల్యాట్, సున్నా లాంగ్. ఆఫ్రికా పక్కన గినియా సింధుశాఖ నీళ్లలో ఉంటుంది ఆ చోటు. మ్యాప్‌లవాళ్లు సరదాగా నల్ ఐలాండ్ అంటారు. అక్కడ దీవీ లేదు, దిబ్బా లేదు. జియోకోడింగ్ విఫలమైనప్పుడు ఖాళీగా ఉంచకుండా సున్నా దాచుకునే సాఫ్ట్‌వేర్ల కస్టమర్లందరూ అక్కడే కాపురం. మీవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి.

కొత్తపటం | మంగళవారం, 10:35

రాత్రి కూర్చుని మళ్లీ నడిపించాను, ఈసారి లొకేషన్ టైప్ కూడా దాచుకుంటూ. 1,860 రికార్డుల్లో రూఫ్‌టాప్ 702, ఇంటర్‌పొలేటెడ్ 391, జామెట్రిక్ సెంటర్ 455, అప్రాక్సిమేట్ 309. మిగిలిన ముగ్గురూ సున్నాసున్నా గారి దీవిలో ఉన్నారు 🙂 పోయిన వారం "ఒక్క ఎర్రర్ రాలేదు" అని సంబరపడింది ఈ డేటా చూసే.

ఇంకో వింత. టెక్నీషియన్లు తమ ఫోన్‌లలో గుర్తుపెట్టుకున్న నలభై పాయింట్లు జియోజేసన్ (మ్యాప్ పాయింట్లు దాచే ఒక ఫైల్ రకం) ఫైల్‌గా ఇచ్చారు. మనిషి స్వయంగా ఇంటి ముందు నిలబడి తీసుకున్నవి కాబట్టి ఇవైనా తిరుగులేనివి అనుకున్నాను. ఎక్కించి చూస్తే నలభైకి నలభై ఉత్తర ధ్రువం వైపు మంచులో పడ్డాయి.

సున్నాసున్నా | 10:52

ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవులకి స్వాగతం! ల్యాట్ 17, లాంగ్ 78 ఉన్న పాయింట్‌ని తారుమారు చేస్తే సరిగ్గా ఆ దీవుల మీద పడుతుంది. జియోజేసన్‌లో ముందు లాంగిట్యూడ్, తర్వాత ల్యాటిట్యూడ్. 2016లో వచ్చిన దాని ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 7946లో ఆ వరుసే ఉంది. మనం నోటితో అనేది ల్యాట్ లాంగ్. లీఫ్‌లెట్ లాంటి మ్యాప్ లైబ్రరీలు కూడా ల్యాట్ ముందు అడుగుతాయి. ఇందులో చిక్కుకోని ప్రోగ్రామర్‌ని నేనింతవరకు చూడలేదు.

"ల్యాట్ 90 దాటితే ఎర్రర్" అనే చెక్ దీన్ని పట్టుకోలేదు, 78 తొంభై లోపే కదా. మీరు పనిచేసే ప్రాంతం చుట్టూ ఒక చతురస్రం గీసుకుని, బయట పడినదాన్ని సేవ్ చేసే ముందే ఆపండి.

క్యూఏ_అక్క | 11:20

పనిలో పనిగా కాలమ్ టైప్ కూడా చూసుకో. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఫ్లోట్ అనే టైప్ పెడితే చూపించేటప్పుడు ఆరు అంకెల దగ్గర రౌండ్ చేసేస్తుంది. 78.123456 కాస్తా 78.1235 అవుతుంది. అంటే పిన్ నాలుగైదు మీటర్లు పక్కకి జరిగిపోతుంది. డెసిమల్ (9,6) పెట్టు, అంటే మొత్తం తొమ్మిది అంకెలు, అందులో చుక్క తర్వాత ఆరు. గొడవ ఉండదు.

కొత్తపటం | గురువారం, 17:45

ఇప్పటిదాకా అయినది చెప్తాను. గడులు విడదీశాం. దేశం, ఊరు మాత్రం తప్పనిసరి, మిగతావి వృత్తమే చూసుకుంటుంది. డోర్ నంబర్ల తేదీలను పాత బ్యాకప్‌లోంచి సరిచేశాం. అప్రాక్సిమేట్ వచ్చిన 309 మందిలో "పై అడ్రసే"వాళ్లు పోగా మిగిలినవాళ్లకి ఫోన్‌లు చేస్తున్నారు. అప్రాక్సిమేట్, జామెట్రిక్ సెంటర్ రికార్డులు ఇక రూట్‌లోకి నేరుగా వెళ్లవు, "ముందు అడ్రస్ అడగండి" అనే జాబితాలో పడతాయి.

ఇంత చేశాక నిన్న అదే టెక్నీషియన్ నుంచి మళ్లీ ఫోన్. ఈసారి రూఫ్‌టాప్ అడ్రస్! పిన్ సరిగ్గా ఆ భవనం మీదే ఉంది. ఆయన పిన్‌కి ఇరవై మీటర్ల దూరంలో ఉన్నాడు, మధ్యలో నిలువెత్తు గోడ. గేటు వెనక వీధిలో ఉందట. చుట్టూ తిరిగి రావడానికి పావుగంట.

పటంపిచ్చి | 18:10

అది రూఫ్‌టాప్ చేయగలిగిన పని కాదు. దానికి పైకప్పు తెలుసు, గుమ్మం తెలియదు. రూట్ లెక్కగట్టేది ఆ చుక్కకి దగ్గరగా ఉన్న రోడ్డుని పట్టుకుంటుంది, ఆ రోడ్డు గోడవైపుదైతే ఇంతే. రికార్డుకి రెండు చుక్కలు పెట్టండి, భవనానికి ఒకటి, లోపలికి వెళ్లే చోటికి ఒకటి. రెండోది ఖాళీగా ఉన్నా పర్లేదు. టెక్నీషియన్ మొదటిసారి వెళ్లినప్పుడు గేటు దగ్గర నిలబడి ఒక బటన్ నొక్కితే అదే నిండుతుంది. ఆకాశం తెరిపిగా ఉన్నచోట ఫోన్ జీపీఎస్ దాదాపు అయిదు మీటర్లలోపు చూపిస్తుంది, గేటుకి అది చాలు. ఎత్తైన భవనాల సందులో మాత్రం నమ్మకండి, వేలితో జరపనివ్వండి.

ఎంట్రీడెస్క్ | 18:24

"తమ్ముడి ఇల్లు, రెండిళ్ల అవతల" కస్టమర్ ఏమయ్యారు? నాలుగు రోజుల నుంచి అదే ఆలోచిస్తున్నాను.

కొత్తపటం | 18:40

ఫోన్ చేశాం. "పాత అడ్రస్ మీ దగ్గర ఉంది కదా" అంటారు ఆయన. మా దగ్గర లేదు, రెండు సాఫ్ట్‌వేర్‌ల కిందటే పోయింది. చివరికి వాట్సాప్‌లో లొకేషన్ పంపమన్నాం. పంపారు. చూస్తే అది ఆయన ఆఫీసు.

రాత్రిబిల్డ్ | 18:41

😂 అయిపోయింది. ఆ రికార్డుకి వృత్తమే ఉంచెయ్ అన్నా.

కొత్తపటం | 18:55

అదే ఉంచాం. గేటు బటన్ రేపు పెడుతున్నాం. టెక్నీషియన్‌కి చెప్తే సంతోషించి, "సార్, లిఫ్ట్ పనిచేస్తోందో లేదో కూడా ఒక గడి పెట్టండి" అన్నాడు.